వాళ్ల నాయన్ని బడికి పిలిపించినాను. తప్పు చేసినానా?

లెక్కల_సారు:
చిత్తూరుకు దగ్గర్లో ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఊరు పేరు, బడి పేరు అడగొద్దు. తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని. పోయిన వారం జరిగింది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మధ్యాహ్నం భోజనాలప్పుడు కొళాయి కాడ ఇద్దరు పిలకాయలు కలబడినారు. ఒకడి పెదవి చిట్లింది. కారణం పేరు. మన బడుల్లో చదివినోళ్లకు చెప్పక్కర్లేదు, ఒకడి నాయన పేరు బయటపడిందంటే వాడి పని అయిపోయినట్టే. హాజరుపట్టీలో ఏ పేరున్నా గ్రౌండులో నాయన పేరు పెట్టే పిలుస్తారు. వీడి విషయంలో ఇంకొంచెం ముందుకు పోయి, ఆయన సాయంత్రం పూట ఏ దుకాణం ముందర కనిపిస్తాడో అది కూడా కలిపి పాటగా కట్టినారు. వీడు చెంబు తీసుకుని పాట కట్టినవాడి మొహం మీద కొట్టినాడు.

హెచ్ఎం గారు "ఇద్దరి పేరెంట్స్‌నీ పిలిపించు" అన్నారు. ఫోన్ చేసినా. కొట్టినవాడి నాయన మామిడి జ్యూస్ ఫ్యాక్టరీలో లోడింగ్ పనిచేస్తాడు. సీజను గదా, పని మధ్యలో వదిలేసి వచ్చినాడు, చొక్కా అంతా గుజ్జు మరకలు. స్టాఫ్ రూములో నిలబడే ఉన్నాడు, కూర్చోమని కుర్చీ చూపించాలన్న ఆలోచన మా ఆరుగురిలో ఒక్కరికీ రాలేదు. నేను మొత్తం చెప్పినా. పాట కూడా చెప్పినా, అదీ నా తెలివి. ఆయన ఏమీ మాట్లాడకుండా కొడుకును రెండు చెంపలూ వాయించి, నా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి "తప్పయిపోయింది సారూ" అని వెళ్లిపోయినాడు. దెబ్బలు తగిలేటప్పుడు పిలగాడు ఏడవలేదు. నాయన చేతులు జోడించినప్పుడు మాత్రం తల దించుకున్నాడు.

నాలుగు రోజులైంది, వాడు బడికి రాలేదు. పాట కట్టినవాడు రోజూ వస్తా ఉన్నాడు. ఆ పాట కట్టినవాడి తల్లి ఫోను ఎత్తలేదు, మేమూ మళ్లీ చెయ్యలేదు.

నేను పిల్లల్ని కొట్టకూడదని చట్టం. ఆయన చేత్తో కొట్టించినట్టే అయింది గదా.

ఘాట్‌రోడ్డు:
సార్, నేను తిరపతిలో ట్యాక్సీ తోల్తా. ఇద్దరు పిలకాయలు. ఒక మాట చెప్తా ఏమనుకోవద్దు. బడి నంబరు నా ఫోన్లో కనిపిస్తే గుండె గుబేలుమంటాది. ఎందుకంటే పదేళ్లలో ఆ నంబరు నుంచి ఒక్క మంచి మాట రాలేదు. ఫీజు, లేదంటే వాడు కొట్టినాడు, వీడు రాయలేదు. అలిపిరి గేటు కాడ లైన్లో ఉంటా, బండినిండా యాత్రికులు, అప్పుడు ఫోను. "రేపు పదింటికి రాండి." పదింటికి పోతే పదకొండున్నర దాకా వరండాలో నిలబెడతారు. ఆ పొద్దు బాడుగ పోయినట్టే. ఆ కోపమంతా ఎవరి మీద చూపిస్తాం? ఇంటికొచ్చినాక పిలగాడి మీదే.

ఆయన కొట్టింది కొడుకును కాదు సార్. మీ అందరి ముందర తాను నిలబడినాడే, దాన్ని.

విశ్రాంత_అయివారు:
ముప్పయ్యారేళ్లు పాఠం చెప్పి దిగినవాణ్ణి. ఈ సున్నితాలు నాకు అర్థం కావు. మా రోజుల్లో తండ్రులు బిడ్డను చేయి పట్టుకుని తెచ్చి "కళ్లు రెండూ వదిలేసి తోలు వలవండి అయివారూ" అని అప్పజెప్పి పోయేవారు. గోడకుర్చీ వేయించాం, గుంజీళ్లు తీయించాం, తొడపాశం పెట్టాం. ఆ పిల్లలే ఈరోజు ఎదురైతే చెప్పులు విడిచి నమస్కారం పెడుతున్నారు. బెత్తం తీసేసినప్పుడే బడికి భయం పోయింది, భయంతో పాటు భక్తీ పోయింది. తండ్రి కొడుకును దండించాడు, అది ఆయన హక్కు. మీరు నిద్ర చెడగొట్టుకోవలసింది ఏమీ లేదు.

బ్యాక్‌బెంచి_పాకాల:
అయివారూ, నమస్కారం పెట్టేవాళ్లే మీకు ఎదురవుతారు. మిగతావాళ్లు మిమ్మల్ని చూసి సందు తిరుగుతారు, మీకు కనపడరు అంతే 🙂 నేను అట్లా తిరిగిన బ్యాచే.

లెక్కల సారుకు ఒక మాట. నేను డిగ్రీ రెండో సంవత్సరం. హైస్కూల్లో మాకు క్రమశిక్షణంటే మానిటర్. సారు లేనప్పుడు బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాస్తాడు. పేరు పక్కన ఇంటూ మార్కు, మళ్లీ మాట్లాడితే ఇంకో ఇంటూ. మా మానిటర్‌కు ఇంటర్వెల్లో చిక్కీ ఇస్తే ఇంటూలు చెరిగిపోయేవి. నేను మూడేళ్లలో ఎన్ని చిక్కీలు ఇచ్చినానో లెక్క లేదు. న్యాయం అంటే ఏమిటో మాకు బడి నేర్పింది అదే. ఆ బోర్డు ముందర మా అందరినీ కలిపి ఒక్కసారైనా "ఈ క్లాసులో ఏం జరుగుతా ఉంది?" అని అడిగినోళ్లు లేరు.

తొమ్మిదో_తరగతి_అమ్మ:
తిరుపతి నుంచి. మా బడి తల్లిదండ్రుల కమిటీలో మెంబర్ని. అయివారు గారికి చట్టం గుర్తు చేస్తాను: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్. శారీరక శిక్షే కాదు, మానసిక వేధింపు కూడా నిషేధం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు గదా, తొమ్మిదోళ్లకు వర్తించదంటారేమో, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది, దాని లెక్కలో పద్దెనిమిది నిండేదాకా బిడ్డే.

కానీ సారూ, అదే విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ ఇంకొకటి చెప్తుంది, దాని ఊసు ఎవరూ ఎత్తరు. సర్కారు బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గుర్ని ఎన్నుకుంటాం. మరి మేం చేసేదేమిటంటారా? గుడ్డు వచ్చిందా, బాత్రూముల్లో నీళ్లున్నాయా, ఎవరెవరికి తల్లికి వందనం డబ్బులు పడలేదు. అవి అక్కర్లేదనను. రెండేళ్లుగా పోతున్నా, "పిల్లలు ఒకరితో ఒకరు ఎట్లా ఉన్నారు" అనే మాట ఒక్క మీటింగులో రాలేదు. కొన్నిసార్లు మీటింగే ఉండదు, రిజిస్టరు ఇంటికొస్తుంది, పొయ్యి మీద కూర మాడుతుంటే సంతకం పెట్టి పంపిస్తా. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, ముగ్గులు, ఆటలు, భోజనం, బాగా జరిగింది. ఆ రోజు మావారు తొలిసారి మా అమ్మాయి బెంచీ మీద కూర్చున్నారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు సరే, మిగతా రోజుల సంగతి?

పలమనేరు_మనవరాలు:
మా అవ్వ తరఫున రాస్తున్నా. మా చిన్నాన్న, పిన్ని బెంగుళూరులో పని, వాళ్ల ఇద్దరు పిల్లలు అవ్వ దగ్గర. అవ్వ మీటింగుకు పోతే "పేరెంట్స్ రావాలమ్మా" అని తిప్పి పంపినారు. అవ్వ అడిగింది ఇది: "పొద్దున సంగటి తినిపించి పంపేదాన్ని నేను, రాత్రి ఒంట్లో బాగలేకపోతే కూసోనుండేదాన్ని నేను, నేను ఎవురో చెప్పమను." మన పక్క ఎన్ని ఇండ్లల్లో ఇదే కథో. బడికి ఇంటి నుంచి ఎవరు రావాలన్నది కాగితం చూసి కాదు, అన్నం పెట్టేదెవరో చూసి తేల్చండి సార్.

కొర్లగుంట_టు_ఆక్లాండ్:
తిరుపతి అమ్మాయిని, న్యూజిలాండ్‌లో ఉంటున్నా. ఇక్కడ 1989లో పిల్లలు, యువత, వాళ్ల కుటుంబాల మీద ఒక చట్టం వచ్చింది. ఇక్కడి మూలవాసులైన మావోరీల పద్ధతి నుంచి తీసుకున్నది. మైనర్ పిల్లాడు తప్పు చేస్తే వాడి కుటుంబాన్నంతా, అంటే తల్లిదండ్రులే కాదు, అవ్వ, పెద్దమ్మ, మేనమామ, అందర్నీ కూర్చోబెడతారు. దెబ్బ తిన్నవాళ్లు రావాలనుకుంటే వాళ్లూ వస్తారు. ఏం జరిగిందో అందరూ చెప్పాక, ఒక దశలో అధికారులు గదిలోంచి బయటికి వెళ్లిపోతారు. ఆ కుటుంబమే లోపల మాట్లాడుకుని "మేం ఇట్లా సరిచేస్తాం" అని వచ్చి చెప్పాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే, పెద్దసార్లు బయటికి వెళ్లడం. తర్వాత 1994లో ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో ఒక హైస్కూల్లో ఇలాంటి సమావేశం పెట్టారు, అక్కణ్ణుంచి బడుల్లోకి పాకింది.

అడిగే ప్రశ్నలు పెద్దవేం కావు. ఏం జరిగింది? అప్పుడు నీ మనసులో ఏముంది? దీనివల్ల ఎవరెవరికి బాధ కలిగింది? ఇప్పుడు సరిచేయాలంటే నువ్వేం చెయ్యాలి? "ఎందుకు చేశావ్‌రా?" అని మాత్రం అడగరు. ఆ ప్రశ్నకు ఏ పిల్లాడూ నిజం చెప్పడు, నేల చూస్తాడు.

ఘాట్‌రోడ్డు:
అక్కా, ఇది మన రచ్చబండే గదా! మనోళ్లు ఎప్పుడో చేసినారు.

తొమ్మిదో_తరగతి_అమ్మ:
కాదన్నా. రచ్చబండ మీద ఎవరు కూర్చునేవాళ్లు, ఎవరు కింద నిలబడేవాళ్లు? తీర్పు ముందే పెద్దోళ్ల జేబులో ఉండేది. ఆడవాళ్ల మాట, పిల్లల మాట అక్కడ చెల్లింది ఎప్పుడు? కూర్చునే ఎత్తు ఒకటి కాకపోతే అది మళ్లీ రచ్చబండే అవుతుంది, బడిలోనైనా సరే.

ఘాట్‌రోడ్డు:
అదీ నిజమేలే.

మదనపల్లె_టమాటా:
ఇంట్లోవాళ్లను బడికి రప్పించే సంగతి వచ్చింది కాబట్టి, మా వైపు ముచ్చట. రిషి వ్యాలీ అంటే పెద్దోళ్ల పిల్లల బడి అనుకుంటారు. వాళ్లే చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు కూడా నడిపించారు, అన్ని తరగతులూ ఒకే గదిలో. అక్కడ మెట్రిక్ మేళా అని పెడతారు. పిల్లలే బరువులు తూస్తారు, ఎత్తు కొలుస్తారు, ఊళ్లోవాళ్లు వచ్చి నిలబడాలి. అట్లాంటి మేళాలో మా మేనత్త త్రాసు ఎక్కితే ఐదో తరగతి పాప "యాభై రెండు కిలోలు, కొంచెం ఎక్కువ తినల్ల అవ్వా" అనిందంట. ఆమె ఆ మాట ఏడాది చెప్పుకుంది. బడి గడప ఎన్నడూ తొక్కని మనిషి. అది తిట్టు తినడానికి పోయిన పోక కాదు గదా, అందుకు పోయింది. అలవాటు పడిన గడప అయితే, రేపు గొడవ వచ్చినా తొక్కుతారు.

చిత్తూరు_కౌన్సెలర్:
రెండు జాగ్రత్తలు.

ఒకటి. గొడవ వేరు, వేధింపు వేరు. సమానంగా ఉన్న ఇద్దరు తన్నుకుంటే గొడవ. ఒకడి మీద పదేపదే పడుతూ, వాడు తిరగబడలేని స్థితిలో ఉంటే వేధింపు. నార్వేలో 1982 చివర్లో ముగ్గురు అబ్బాయిలు ప్రాణం తీసుకున్నాక, 1983లో దేశమంతా బడుల్లో దీనిమీద కార్యక్రమం పెట్టారు. డాన్ ఓల్వియస్ అనే ఆయన పరిశోధన దానికి పునాది. ఆయన పట్టుబట్టినవి మామూలు విషయాలే: క్లాసులో వారం వారం పిల్లలతో మాట, తల్లిదండ్రులతో మాట, విరామం వేళ గొడవలు జరిగే చోట పెద్దవాళ్లు నిలబడడం. వేధించినవాణ్ణీ వేధింపు పడ్డవాణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఇద్దరూ సర్దుకోండి" అనకూడదు. సర్దుకునేది ఎప్పుడూ బలం లేనివాడే. సారూ, మీ కేసులో చెంబుతో కొట్టినవాడే వేధింపు పడ్డవాడు. పెదవి చిట్లింది కాబట్టి మీకు తలకిందులుగా కనిపించింది.

రెండు. ఆడపిల్ల మీద, మగపిల్లాడి మీద అయినా సరే, లైంగికంగా ఏదైనా జరిగిందని తెలిస్తే ఇట్లా అందరూ కూర్చుని మాట్లాడుకోవడం ఏమీ లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసుకు చెప్పి తీరాలి, దాస్తే అది నేరం. సాయానికి 1098 ఉంది. దాన్ని కుటుంబాల మధ్య మాట్లాడి ముగించే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. "పిల్ల పరువు" అనే మాట వినిపించిందంటే అక్కడ ఎవరినో కాపాడుతున్నారని అర్థం.

లెక్కల_సారు:
అందరికీ దండాలు. పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నా.

పిలగాడి ఇంటికి పోయినా. ఒక్కణ్ణే పోలేదు, మా తెలుగు మేడం కూడా వచ్చింది. రాత్రి ఎనిమిదికి, ఆయన షిఫ్టు దిగినాక. ముందర నేనే "ఆ రోజు మిమ్మల్ని నిలబెట్టినాను, తప్పు నాది" అన్నా. ఆయన చాప వేసినాడు. పది నిముషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన అడిగింది ఒక్కటే: "ఆ పాట బడంతా పాడతా ఉన్నారా సార్?" అబద్ధం చెప్పలేకపోయినా. "ఇంక నేను మీటింగులకు రాను, నేనొస్తే వాడికి ఇంకా ఎక్కువవుతాది" అన్నాడు. నేను బలవంతం చెయ్యలేదు. ఎనిమిది తర్వాత ఫోన్ చెయ్యొచ్చునా అంటే చెయ్యమన్నాడు. సోమవారం పిలగాడు వచ్చినాడు.

క్లాసులో ఏం చేసినానంటే, ముందు పేర్ల జోలికి పోలేదు. తెల్లకాగితాలిచ్చి బడి పటం గీయమన్నా, పేర్లు రాయొద్దన్నా. మీకు భయం వేసే చోట, చిరాకు పుట్టే చోట ఎర్రచుక్క పెట్టండి, అంతే. నలభై ఒక్క కాగితాలు. నేను గ్రౌండు వెనక చింతచెట్టు కాడ చుక్కలుంటాయనుకున్నా. ముప్పై పైచిలుకు కాగితాల్లో చుక్క కొళాయి కాడ ఉంది. మూడు వందల యాభై మందికి పనిచేసే కొళాయిలు నాలుగు. కంచం కడగాలి, నీళ్లు తాగాలి, పది నిముషాల్లో బెల్లు. ఆ తోపులాటలోనే పేర్లు పుడతాయి, పాటలు పుడతాయి, తన్నులు పుడతాయి. ఏడేళ్లుగా ఆ బడిలో ఉన్నా, ఆ టైములో నేను స్టాఫ్ రూములో క్యారియర్ విప్పుకుంటా ఉంటాను. ఆడపిల్లల కాగితాల్లో ఇంకో చుక్క ఉంది, బాత్రూము గడియ. అది లేదని వాళ్లు ఎన్నడూ చెప్పలేదు, మేం ఎన్నడూ అడగలేదు. గడియ నలభై రూపాయలు. మరుసటి రోజే వేయించినాం.

హెచ్ఎంకు పటాలు చూపించినా. ఆరు, ఏడు వాళ్లకు పది నిముషాలు ముందు భోజనం వదులుతున్నారు ఇప్పుడు. ఇద్దరు టీచర్లు కొళాయి కాడ ఉంటున్నారు, వంతులవారీగా. ఒకాయన గొణుగుతున్నాడు, గొణగనీ.

ఆ తర్వాతే క్లాసును గుండ్రంగా కూర్చోబెట్టినా. ఎవరికి ఏ పేరు వద్దో ఎవరివాళ్లు చెప్పొచ్చు, చెప్పకపోయినా ఫర్వాలేదన్నా. మొదటి పావుగంట నవ్వులే. అప్పుడు ఒక అమ్మాయి, ఎప్పుడూ నోరు తెరవని పిల్ల, "నన్ను మా అమ్మ చేసే పని పేరుతో పిలుస్తారు సార్" అనింది. నవ్వులు ఆగిపోయినాయి. పదకొండు మంది మాట్లాడినారు. "పెద్దోళ్ల పేర్లు, వాళ్ల పనులు నోట్లోకి రాకూడదు" అని పిల్లలే పెట్టుకున్నారు. నేనైతే "ఇతరులను గౌరవించవలెను" అని చార్టు రాసి గోడకు అంటించి ఉందును.

పాట కట్టిన పిలగాణ్ణి విడిగా ఆ ప్రశ్నలడిగినా. "ఎవరెవరికి బాధ కలిగింది?" అంటే చాలాసేపు ఆలోచించి "వాళ్ల నాయనకు" అన్నాడు. వాడంతట వాడే చెప్తానని, మరుసటి రోజు వీడి దగ్గరికి పోయి ఏదో చెప్పినాడు. ఏం చెప్పినాడో నాకు తెలీదు. ఇప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ అనుకునేరు, అదేం లేదు. ఒకరి జోలికి ఒకరు పోవడం లేదు, అంతవరకే.

విశ్రాంత_అయివారు:
చదివాను. బెత్తం విషయంలో నా అభిప్రాయం నాదే. కాని కొళాయి సంగతి నిజం. నేను పనిచేసిన ఒక బడిలోనూ తగవులన్నీ బావి దగ్గరే. అందర్నీ వరుసగా నిలబెట్టి కొట్టాను తప్ప, రెండో చేద వేయించాలని తోచలేదు.

బ్యాక్‌బెంచి_పాకాల:
అయివారూ 🙏 ఈ ఒక్క మాటకు నేను సందు తిరగను ఇంక.

లెక్కల_సారు:
ఒక చిక్కు మిగిలింది, దానికోసమే అసలు మళ్లీ వచ్చింది. పాట కట్టినవాడి తల్లి హెచ్ఎం దగ్గరికి వచ్చిందంట, నేను క్లాసులో ఉండగా. "నా కొడుకు పెదవి చిట్లింది, కుట్లు వేయించినాం, నా కొడుకే పోయి వాళ్ల కొడుక్కి క్షమాపణ చెప్పాలా? వాళ్లదేంటి, మాదేంటి?" అనిందంట. ఆ చివరి మాట వెనక ఏముందో మీకు అర్థమయ్యే ఉంటుంది. హెచ్ఎం "ఇంక ఈ ప్రయోగాలు చాలు" అంటున్నారు.

తొమ్మిదో_తరగతి_అమ్మ:
సారూ, కోపం రాకుండా వినండి. మీరు ఒక ఇంటికే పోయినారు. ఆమె ఫోను ఎత్తలేదని వదిలేసినారు. ఆమె కొడుక్కి కుట్లు పడినాయి, బడి నుంచి ఒక్కరు పోయి "ఎట్లుంది" అని అడిగినారా? ఆ చివరి మాట తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ ముందు మాట న్యాయమైనదే.

చిత్తూరు_కౌన్సెలర్:
ఔను. వేధించినవాడికీ దెబ్బ తగిలింది. రెండూ నిజాలే. చెంబుతో కొట్టినవాడు ఆ దెబ్బకు తనవంతు ఏం చేస్తాడని అడిగినారా? అడగకపోతే అది సగమే అయింది. హెచ్ఎంకు మాత్రం ప్రయోగం అనే మాట చెప్పొద్దు. పటాలు కమిటీ మీటింగులో పెట్టండి, రిజిస్టరులో రాయించండి. రాసిందాన్ని ఆపడం కష్టం.

లెక్కల_సారు:
అడగలేదు. నిజంగా తట్టలేదు. వాడి వైపు నిలబడాలన్న తొందరలో ఆ పెదవి మర్చిపోయినా.

పలమనేరు_మనవరాలు:
అవ్వకు చదివి వినిపించినా. అవ్వ మాట ఇది: "ఆ సారును పొమ్మను. ఆడమనిషిని తోడు తీసుకుని పోమ్మను. వాళ్ల ఇంట్లో చెయ్యాల్సింది ముందర ఆ పిలగాడి మూతి చూసేది. బడి మాట ఆ యమ్మ ఎత్తేదాకా ఎత్తొద్దు. వాకిట్లోనే నిలబెడితే నిలబడమను, ఆ యప్పను మీరు నిలబెట్లేదా. కాఫీ ఇస్తే మాత్రం వద్దనొద్దు."

లెక్కల_సారు:
సరే అవ్వా. మేడం గురువారం వస్తానంది. పోయొచ్చి చెప్తా.